పాత ట్యాబ్, కొత్త వై-ఫై: పారేసే ముందు ఒక్క అరగంట

(షోలాపూర్‌లో మన ట్రస్టు విద్యార్థి ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గొప్పతనం గురించి నాకన్నా బాగా చెప్పగలిగినవారు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైర్ అయినవాణ్ణి, బి.కాం. చదువుకున్నవాణ్ణి. కంప్యూటర్ ఇంజనీరును కాను. అందుకని నా స్థాయికి తగిన ఒక చిన్న విషయం మాట్లాడతాను. ఇంట్లో ఉన్న పాత ట్యాబ్ కొత్త వై-ఫైకి కలవకపోతే ఏం చేయాలి? చిన్న విషయమే అయినా దీని వెనుక పది, పన్నెండు వేల రూపాయల ఖర్చు ఉంది, ఒక పిల్ల చదువు ఉంది.

మన తూర్పు భాగంలో ఒక కుటుంబం ఉంది. తండ్రి సాంచల మీద పని చేస్తాడు, తల్లి బీడీలు చుడుతుంది. ఇంట్లో ఉన్నది ఒకే ఒక ఫోను, అది తండ్రితో పాటు కార్ఖానాకు పోతుంది. కూతురు పన్నెండో తరగతి చదువుతూ సి.ఇ.టి.కి తయారవుతోంది. హైదరాబాదులో ఉన్న మేనమామ తన కొడుకు వాడి పక్కన పెట్టిన ట్యాబ్ ఇచ్చాడు. 2018లో కొన్నదట. ఆ ట్యాబ్ కోసమే ఆ తండ్రి నెలనెలా కట్టే ఫైబర్ కనెక్షన్ పెట్టించాడు. ఫోనుకు నెట్ వచ్చింది, ట్యాబ్‌కు రాలేదు. దుకాణంలో అడిగితే ఇది పాతదైపోయింది, కొత్తది కొనండి అన్నారు. పదకొండు వేలు, వాయిదాల మీద. వాయిదా కాగితం మీద సంతకం ఎక్కడ పెట్టాలో అడగడానికి ఆయన నా దగ్గరికి వచ్చాడు. సంతకం తర్వాత, ముందు ట్యాబ్ చూద్దాం పదండి అన్నాను.

కామర్స్ విద్యార్థులకు ట్రయల్ బ్యాలెన్స్ తెలుసు. రెండు పక్కలా మొత్తం కలవకపోతే లెడ్జర్లన్నీ మొదటి నుంచి తిరగేయము. తేడా ఎంతో చూస్తాం. తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడితే అంకెలు తారుమారయ్యాయేమోనని ముందు అనుమానిస్తాం. 54ను 45 అని రాస్తే తేడా 9 కదా! అంటే తప్పు ఏ రకందో మొదట తేల్చుకుంటే వెతకవలసిన చోటు తగ్గుతుంది. ట్యాబ్ విషయంలోనూ అంతే. ‘నెట్ రావడం లేదు’ అన్న ఒక్క మాట చాలదు. ఎక్కడ ఆగిపోయిందో చూడాలి.

మొదట లైను బాగుందో లేదో చూడండి. ఫోనులో మొబైల్ డేటా ఆపేసి, వై-ఫై మీద మాత్రమే ఏదైనా పేజీ తెరవండి. డేటా ఆపడం ముఖ్యం. ఆపకపోతే వై-ఫై పనిచేయకపోయినా ఫోను తన సిమ్ మీద నడిపించేస్తుంది, మనం ట్యాబ్‌ను అనవసరంగా నిందిస్తాం. ఫోనుకు కూడా రాకపోతే రౌటర్ ప్లగ్గు తీసి, అర నిమిషం ఆగి పెట్టండి. రెండు, మూడు నిమిషాలు ఆగి చూడండి. అప్పటికీ రాకపోతే కనెక్షన్ ఇచ్చినవారికి ఫోన్ చేయాలి, ట్యాబ్ జోలికి పోనక్కరలేదు.

ఫోనుకు వచ్చి ట్యాబ్‌కు రాకపోతే అసలు పరీక్ష మొదలవుతుంది. బ్యాంకుకు వచ్చే ఖాతాదారును ఊహించుకోండి. ఆయనకు ముందు బ్యాంకు బోర్డు కనబడాలి. తరువాత గేటు దగ్గర కాపలాదారు లోపలికి రానివ్వాలి. లోపల టోకెను దొరకాలి. చివరికి కౌంటరులో పని జరగాలి. ట్యాబ్‌కూ ఈ నాలుగు మెట్లే.

మొదటి మెట్టు, బోర్డు కనబడకపోవడం. ట్యాబ్‌లో వై-ఫై జాబితా తెరిస్తే ఇరుగుపొరుగు వాళ్ల పేర్లు వస్తాయి, మన ఇంటి పేరు ఉండదు. మన రౌటర్లు సాధారణంగా రెండు రకాల తరంగాలు పంపుతాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 5 గిగాహెర్ట్జ్. మొదటిది కాస్త నెమ్మది, కానీ గోడలు దాటి దూరం పోతుంది. రెండోది వేగం, కానీ దూరం తక్కువ. తక్కువ ధరకు వచ్చిన పాత ట్యాబ్‌లు చాలావాటికి 2.4 ఒక్కటే తెలుసు. రౌటర్‌లో అది ఆపేసి ఉంటే మన ఇంటి పేరు వాటికి కనబడదు.

ఆ అమ్మాయి ఇంట్లో జరిగింది ఇదే. తండ్రి ఫోనును వై-ఫైకి కలిపి, బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టాము. కొన్ని రౌటర్లకు అది 192.168.0.1 ఉంటుంది. రౌటర్ అడుగున అంటించిన చీటీ మీద ఆ అంకె, లోపలికి వెళ్లే పేరు, పాస్‌వర్డ్ ఉంటాయి. చూస్తే 2.4 ఆపి ఉంది. దాన్ని తెరిచి, చివర 2 అని చేర్చి వేరే పేరు పెట్టాము. ట్యాబ్‌లో పేరు వెంటనే కనబడింది. “తాతా, వచ్చింది!” అని ఆ పిల్ల గట్టిగా అంది. పదకొండు వేల కాగితం మడిచి తండ్రి జేబులో పెట్టుకున్నాడు.

అమెరికాలోని బంధువులు ఇచ్చిన ట్యాబ్ అయితే ఇంకొక సంగతి. 2.4లో మన దేశంలో 13 దాకా ఛానెళ్లు వాడతారు. అక్కడ అమ్మినవాటిలో కొన్ని 12, 13లను చూడలేవు. రౌటర్‌లో ఛానెల్‌ను 1, 6, 11లలో ఒకటిగా పెడితే సరిపోతుంది.

రెండో మెట్టు, కాపలాదారు ఆపడం. పేరు కనబడుతుంది, పాస్‌వర్డ్ కొడితే తిరస్కరిస్తుంది. ముందు పాస్‌వర్డ్ నిదానంగా కొట్టండి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేరు. సున్నా, ‘ఓ’ అక్షరం చూడటానికి ఒకేలా ఉంటాయి. ట్యాబ్‌లో ఆ పేరు మీద వేలు నొక్కి పట్టి, పాత వివరం మరచిపోయేలా చేసే ‘ఫర్గెట్’ ఎంచుకుని, మళ్లీ కొత్తగా కొట్టండి. సరైన పాస్‌వర్డ్‌కు కూడా ఒప్పుకోకపోతే భద్రతా పద్ధతి చూడాలి. 2004లో డబ్ల్యుపిఎ2 అనే పద్ధతి వచ్చింది, 2018లో డబ్ల్యుపిఎ3 వచ్చింది. రౌటర్‌ను కొత్త పద్ధతి మీద మాత్రమే పెడితే పాత ట్యాబ్‌కు ఆ భాష రాదు. సెక్యూరిటీ అన్నచోట డబ్ల్యుపిఎ2, డబ్ల్యుపిఎ3 రెండూ కలిసిన దాన్ని, లేదా డబ్ల్యుపిఎ2 ఒక్కదాన్ని పెట్టండి. ఇది కుదరకపోతే పాత పరికరాల కోసం ‘గెస్ట్’ నెట్‌వర్క్ వేరుగా తెరవవచ్చు. అంతేగాని విసుగెత్తి పాస్‌వర్డే లేకుండా తెరిచి పెట్టకండి. మీ కనెక్షన్ మీద ఎవరు ఏ పని చేసినా బిల్లు మీద ఉండేది మీ పేరే.

మూడో మెట్టు, టోకెను దొరకకపోవడం. మా రోజుల్లో డబ్బు తీసుకోవడానికి వచ్చినవారికి ఇత్తడి టోకెను ఇచ్చేవాళ్లం. టోకెన్లన్నీ బయట ఉంటే కొత్తవారు ఆగవలసిందే. రౌటర్ కూడా ప్రతి పరికరానికి ఐపి అడ్రస్ అనే ఒక అంకె ఇస్తుంది. ‘ఐపి అడ్రస్ తీసుకుంటోంది’ అనే అర్థం వచ్చే మాట దగ్గరే ట్యాబ్ తిరుగుతూ ఉంటే టోకెను అందలేదని అర్థం. రౌటర్‌ను, ట్యాబ్‌ను రెండింటినీ ఆపి తెరవండి. వాడని పరికరాలను వై-ఫై నుంచి తీసేయండి. అంతకు ముందు ఎవరైనా ట్యాబ్‌లో ఐపి అడ్రస్‌ను చేత్తో రాసి పెట్టి ఉంటే, దాన్ని ‘స్టాటిక్’ నుంచి ‘డిహెచ్‌సిపి’కి మార్చండి.

నాలుగో మెట్టు, కౌంటరులో పని జరగకపోవడం. వై-ఫై గుర్తు నిండుగా ఉంటుంది, పేజీలు మాత్రం తెరుచుకోవు. ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు’ అని హెచ్చరిక వస్తుంది. వెంటనే తేదీ చూడండి. నెలల తరబడి ఛార్జింగు లేకుండా పడి ఉన్న ట్యాబ్‌లో తేదీ ఏళ్లు వెనక్కి పోయి ఉండవచ్చు. ప్రతి వెబ్‌సైటుకు ఒక ధ్రువపత్రం, దానికి గడువు తేదీలు ఉంటాయి. ముందు తేదీ వేసిన చెక్కును మేము తీసుకోనట్టే, తన క్యాలెండరు ప్రకారం ఇంకా మొదలు కాని పత్రాన్ని ట్యాబ్ తీసుకోదు. తేదీ, సమయం సరిచేస్తే చాలాసార్లు అక్కడితో సరిపోతుంది.

తేదీ సరిగా ఉన్నా తెరుచుకోకపోతే ట్యాబ్ నిజంగా పాతబడి ఉండవచ్చు. ఆండ్రాయిడ్ 7.1 కన్నా పాతవాటి దగ్గర, నేడు ఎన్నో వెబ్‌సైట్లు వాడే ధ్రువపత్రాలను గుర్తించే జాబితా లేదు. రౌటర్‌లో ఎంత వెతికినా దీనికి మందు దొరకదు. అలాంటి ట్యాబ్ కూడా పుస్తకంగా పనికివస్తుంది. బాలభారతి పాఠ్యపుస్తకాలు పిడిఎఫ్ రూపంలో ఉచితంగా దొరుకుతాయి. వేరేచోట దించుకుని కేబుల్‌తో ట్యాబ్‌లోకి ఎక్కించి చదువుకోవచ్చు.

తప్పు ట్యాబ్‌దా, రౌటర్‌దా అని తేలకపోతే ఒక తేలిక పరీక్ష ఉంది. ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి, దాని సెట్టింగులలో 2.4 గిగాహెర్ట్జ్ ఎంచుకుని, ట్యాబ్‌ను దానికి కలపండి. కలిస్తే ట్యాబ్ బాగుంది, రౌటర్ అమరిక చూడాలి. కలవకపోతే ట్యాబ్‌లో నెట్‌వర్క్ సెట్టింగులను మాత్రం రీసెట్ చేయండి. దీని వల్ల ఫోటోలు, పాఠాలు పోవు, దాచిన వై-ఫై పాస్‌వర్డ్‌లు, బ్లూటూత్ జతల వంటి అమరికలే పోతాయి.

తల్లిదండ్రులకు మూడు జాగ్రత్తలు చెబుతాను. ఒకటి, ఇతరులు ఇచ్చిన ట్యాబ్‌ను తొందరపడి ఫ్యాక్టరీ రీసెట్ చేయకండి. ఆండ్రాయిడ్ 5.1 తరువాతి వాటిలో పాత యజమాని గూగుల్ ఖాతా ఉండిపోతే, రీసెట్ తరువాత ఆ పాస్‌వర్డ్ అడిగి ట్యాబ్ తాళం వేసుకుంటుంది. ఐప్యాడ్‌లోనూ ఇటువంటి తాళమే ఉంది. ఇచ్చేవారితోనే ముందుగా ఖాతా తీయించండి. రెండు, వెనుక మూత ఉబ్బి ఉంటే బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని ఛార్జింగుకు పెట్టకండి, వాడకండి. మూడు, బ్యాంకువాడిగా చెప్పే మాట. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన ట్యాబ్‌లో బ్యాంకు ఖాతా తెరవకండి. మహాడిబిటి వంటి పోర్టళ్లలో ఉపకార వేతనం దరఖాస్తు, ఆధార్ వివరాలు, ఓటిపి పనులు తండ్రి ఫోనులోనో, ట్రస్టు కార్యాలయంలోనో చేయండి. పాత ట్యాబ్‌ను పాఠాలకు ఉంచండి.

విద్యార్థులారా! ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగిన మొదటి తరం మీలో చాలామంది. తెర మీద వచ్చిన హెచ్చరిక ఏమిటో మీ నాన్నకు అర్థం కాకపోవచ్చు. దాన్ని అక్షరం అక్షరం ఒక కాగితం మీద రాసుకోండి. పేరు కనబడలేదా, పాస్‌వర్డ్ ఒప్పుకోలేదా, అంకె రాలేదా, పేజీ తెరవలేదా అని పక్కన గుర్తు పెట్టండి. కనెక్షన్ వాళ్లకు ఫోన్ చేసినప్పుడు ‘నెట్ రావడం లేదు’ అనకుండా, ‘మా ట్యాబ్‌కు 2.4 మాత్రమే వస్తుంది, దానికి వేరే పేరు పెట్టండి’ అని చెప్పి చూడండి. ఏం కావాలో తెలిసి అడిగినవారికి బదులు త్వరగా దొరుకుతుంది. నలభై ఏళ్లు కౌంటరుకు ఇవతల కూర్చుని నేను చూసిన సంగతి ఇది.

మీకు అందిన ఉపకార వేతనం పుస్తకాలకు, ఫీజులకు పోవాలిగాని, బాగున్న వస్తువుకు బదులు ఇంకొకటి కొనడానికి పోకూడదు. ఇంటికి వెళ్లి అటక మీద ఉన్న ట్యాబ్‌ను కిందికి దించి, బ్యాటరీ చూసి, ఛార్జింగు పెట్టి, తేదీ సరిచేయండి. మిగతావి వరుసగా చూడండి.