కండ్లు వాచినప్పుడు
(పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



వాటాధనం, బోనసు, ఆడిట్ అభ్యంతరాల గురించి చెప్పవలసిన మనిషి కండ్ల గురించి మొదలుపెట్టాడేమిటని మీరు అనుకోవచ్చు. నేను డాక్టరును కాను. కాని జగిత్యాల వైపు ఒక సంఘంలో తనిఖీకి పోయినప్పుడు చూసినది మీకు చెప్పక తప్పదు.

పొద్దున పాలు పోయడానికి ఒక అక్క వచ్చింది. రెండు రెప్పలూ ఉబ్బి కండ్లు తెరవలేకుండా ఉంది. "ఏమైందక్కా?" అని అడిగితే, "ఏదో పురుగు ముట్టింది సారూ, వానకాలం వస్తే ఇట్లనే అయితది" అన్నది. ఏటేటా అదే పురుగు వచ్చి రెండు కండ్లకూ సమానంగా ముడుతుందా? సాయంత్రం ఆమె గడ్డి కోసే ఒడ్డు చూశాను. తెల్లపూల వయ్యారిభామ నడుమెత్తు ఉంది.

మనం కాంగ్రెస్ గడ్డి అనే ఈ మొక్క మన దేశంలో 1955లో పుణెలో కంటబడింది. ఇప్పుడు కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో అది లేని బీడు లేదు. దానిలోని పార్థెనిన్ అనే పదార్థం పడనివారికి కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు దురదపెట్టి వాస్తాయి. ముట్టుకోనక్కరలేదు, ఎండిన మొక్క పొడి గాలిలో వచ్చినా చాలు. పశువు తింటే పాలు చేదవుతాయి. ఆ పాలు వాపసు చేస్తే కార్యదర్శితో జగడానికి దిగేదీ మనమే.

రెండు కండ్లూ దురదపెట్టి, నీళ్లు కారి, రెప్పలు ఉబ్బితే ముందు మంచినీళ్లతో ముఖం, చేతులు కడగాలి, బట్టలు మార్చాలి. చల్లటి నీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డ పది నిమిషాలు మూసిన రెప్పల మీద పెట్టాలి. ఎంత దురదైనా నలపరాదు. తగ్గకపోతే డాక్టరు అలర్జీకి చుక్కల మందో, సెటిరిజిన్ వంటి బిళ్లో రాస్తారు. బిళ్ల వేసుకుంటే కొందరికి మత్తు వస్తుంది, ఆ పూట గడ్డి కోత మిషను దగ్గరకు పోవద్దు.

ఆ అక్క రెండేండ్లుగా దుకాణంలో అడిగి తెచ్చిన చుక్కలు వేసుకుంటున్నది. "వేస్తే గంటలో తగ్గుతది సారూ" అన్నది. అది స్టెరాయిడ్ మందు. డాక్టరు చూసి కంటిలో ఒత్తిడి పెరిగిందన్నారు, ఒక కంటి చూపు పక్కల నుండి తగ్గింది. అట్లా పోయిన చూపు తిరిగి రాదు. డాక్టరు చూస్తూ ఇన్ని రోజులని వాడిస్తే అది మందే. ఎవరికి వారు ఏండ్ల తరబడి వేసుకుంటే శుక్లాలు కూడా వస్తాయి.

ఒక కన్నే ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుగు చూడలేకపోతే అది అలర్జీ అనుకోవద్దు. వరికోతలో గింజో, ఆకు అంచో నల్లగుడ్డుకు గీరుకుంటే బూజు చేరి పుండు పడుతుంది. అందులో స్టెరాయిడ్ చుక్కలు వేస్తే కన్ను పోవచ్చు. తల్లిపాలు, ఆకుపసరు కూడా పోయవద్దు. అదే రోజు కంటి డాక్టరు దగ్గరకు పోవాలి. ఆదిలాబాద్ వైపు వారికి ముధోల్‌లో ఎల్.వి. ప్రసాద్ సంస్థ వారి కంటి ఆసుపత్రి ఉంది.

రెప్పలతోపాటు పెదవులు, నాలుక వాచి ఊపిరి ఆడకపోతే క్షణం ఆగకుండా 108కు ఫోను చేయాలి.

వెన్న పరీక్షకు ఇంకా యాసిడ్ వాడే సంఘాలలో టెస్టరు కంట్లో చుక్క పడితే అప్పటికప్పుడు నీళ్లు ధారగా పోస్తూ పావుగంటకు పైగా కడిగి, తరువాతే ఆసుపత్రికి బయలుదేరాలి.

ఇక పాలకేంద్రం చుట్టూ ఉన్న వయ్యారిభామ. పూతకు రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగులు, ముఖానికి గుడ్డ కట్టుకొని వేర్లతో పీకండి. పైరు లేని చోట లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి చల్లవచ్చు. కండ్లు వాచే మనిషిని మాత్రం ఆ పనికి పిలవకండి.