ఎడారి యెండ, దూరపు దీపము



నేను బడిపంతులుగా నున్న దినములలో, భూగోళపాఠము నడుమ నొక బాలుడు లేచి, "అయ్యవారూ, సహారా ఎడారిలో నంత యెండ వృథాయగుచున్నదిగదా, దానితో పట్టణములకు దీపములు పెట్టరాదా?" అని యడిగెను. తోచక, కూర్చుండుమంటిని. నాడు బాకీపడిన సమాధానము నేడు చెప్పుచున్నాను.

ఎండకు కొదవలేదు. చిక్కులు రెండు: రాత్రి, దూరము.

మొరాకో దేశమున వర్జాజాత్ పట్టణము చెంత నూర్ అను విద్యుత్కేంద్రము కలదు. దాని తొలిభాగము 2016లో ప్రారంభమైనది. దోనెలవలె వంగిన అద్దములు సూర్యుని వెంట తిరుగుచు, నడుమ గొట్టములలోని నూనెను సుమారు 390 డిగ్రీల వరకు కాచును. ఆ వేడిచే నీరు ఆవిరియై యంత్రమును త్రిప్పును. మిగిలిన వేడిని, సురేకారమువంటి లవణములను కరగించి వానియందు నిలువచేయుదురు. మనము గాదెలో ధాన్యము పోసికొన్నట్లే. తొలిభాగమున నీ గాదె 3 గంటలకు, తరువాతి భాగములందు 7 గంటలకు చాలును. అందుచే ప్రొద్దు గ్రుంకినను దీపము వెలుగును. అయితే గాదెకును చిల్లి పడును. 2024లో మూడవభాగమున లవణపు తొట్టి కారి, ఉత్పత్తి చాలకాలము నిలిచిపోయెను.

ఇక దూరము. ఏకముఖ విద్యుత్తును అధిక పీడనముతో పంపినచో, 1000 కిలోమీటర్లకు నష్టము నూటికి 3 పాళ్లు మాత్రమే. ఈ ధైర్యముతోనే 2009లో జర్మనీయందు కొన్ని సంస్థలు కూడి, 2050 నాటికి ఐరోపా విద్యుత్తులో నూటికి 15 పాళ్లు ఎడారులనుండి తెత్తుమనిరి. కొలది యేండ్లలోనే పలువురు తప్పుకొనిరి. స్పెయిను, మొరాకోల నడుమ సముద్రము క్రింద 1997 నుండి తీగ యున్నది. చిత్రమేమనగా, పెక్కేండ్లు దానిగుండా విద్యుత్తు అధికముగా స్పెయిను నుండి మొరాకోకే ప్రవహించెను. ఎడారి గల దేశమునకే దీపము చాలకుండెను!

నీటిమాట మరువరాదు. తొలిభాగమున యంత్రములు చల్లార్చుటకు సమీప జలాశయపు నీరే యాధారము. కరవుసీమలో అది సామాన్యమైన వ్యయము కాదు. తరువాతి భాగములందు గాలితో చల్లార్చు పద్ధతి నవలంబించిరి.

కావున, నాయనా, దీపములు పెట్టవచ్చును. గాదె కావలెను, తీగ కావలెను. అన్నిటికంటె ముందు, ఎవరి యెండను, ఎవరి నేలను, ఎవరి నీటిని వాడుచున్నామో వారి యింట దీపము వెలుగవలెను. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న పెద్దల మాట విద్యుత్తునకును చెల్లును. మన పొలముల మీదుగా తీగ పోవునప్పుడును ఈ ప్రశ్న నడుగుటకు మీరు వెనుదీయకుడు.