ఐదింటికి లేవమనే పుస్తకం, అరవై రోజులు గుర్తుచేసే పుస్తకం

(యువత కూడికలో మాట్లాడిన మాటలు. అడిగినవాళ్ల కోసం రాసి పెడుతున్నం.)

 

"అన్నా, ఏ పుస్తకాలు చదవాలె?" అని మీరు ఫోన్లల్ల అడుగుతుంటరు. దాని మీదనే మాట్లాడమన్నరు. ముందు ఒక మాట ఒప్పుకుంట. మీరు చదివే పుస్తకాలన్నీ నేను చదివిన. బస్టాండుల అమ్మే 'విజయానికి ఐదు మెట్లు' చదివిన, 'రిచ్ డాడ్ పూర్ డాడ్' తెలుగుల చదివిన, కలాం గారి 'ఒక విజేత ఆత్మకథ' రెండుసార్లు చదివిన. హైదరాబాదుల గ్రూప్స్ కోచింగ్ కు పోయినప్పుడు రూమ్ గోడ మీద టైం టేబుల్ రాసి అంటించిన. పొద్దున ఐదింటికి లేస్తే జీవితం మారుతదని ఒక పుస్తకంల ఉండె. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తది. మా అమ్మ పుట్టినప్పటి సంది నాలుగింటికే లేస్తున్నది. లేచుడుతోనే బతుకు మారేదైతే మా తాండ ఆడోళ్లందరిదీ ఎప్పుడో మారాలె.

అట్లని ఆ పుస్తకాలను తిట్టను. టైం ఎట్ల వాడుకోవాలె, పదిమంది ముందట భయం లేకుంట ఎట్ల మాట్లాడాలె అనేది మనకు ఇండ్లల్ల నేర్పినోళ్లు లేరు. హాస్టల్ ల చెప్పినోళ్లు తక్కువ. అవి నేర్పిన కాడికి మంచిదే. నా పేచీ వేరే ఉన్నది. రెండుసార్లు పరీక్ష పోయినప్పుడు ఆ పుస్తకాలన్నీ కలిసి నాకు చెప్పింది ఒక్కటే, తప్పు నీదే అని. నేను నమ్మిన. ఆరు నెలలు ఎవరితోని మాట్లాడలే.

సరిగ్గ అదే కాలంల చందంపేట దిక్కు మా నాయిన సాగు చేసుకునే అడవి భూమికి హక్కు పత్రం కోసం పెట్టిన దరఖాస్తు ఒక ఆఫీసుల పడి ఉన్నది. ఒకనాడు పోయి అడిగితే "నీది రిజెక్ట్ అయిందిలే" అన్నరట. నోటిమాట, అంతే. కాయితం లేదు, కారణం లేదు. నాయిన తువ్వాల దులుపుకొని ఇంటికొచ్చిండు. నాకు ఫోన్ చేసి కూడ చెప్పలే, చదువుకునే పోరగానికి ఎందుకని. నేనేమో హైదరాబాదుల కూసొని ఆస్తులు ఎట్ల పెంచుకోవాలె అనే పుస్తకం కింద గీతలు పెట్టుకుంట చదువుతున్న.

ఏడాదిన్నర తర్వాత అటవీ హక్కుల చట్టం, దాని నిబంధనలు ఉన్న పల్చటి తెలుగు పుస్తకం ఒకటి నా చేతికొచ్చింది. 2006 చట్టం, 2008 నిబంధనలు, 2012ల చేసిన సవరణలు. అట్ట చినిగి ఉన్నది. అండ్ల రాసి ఉన్నది: దరఖాస్తును తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగ ఇయ్యాలె, దరఖాస్తుదారుకే తెలియజెయ్యాలె. కింది కమిటీ నిర్ణయం మీద పై కమిటీకి 60 రోజుల్ల పిటిషన్ పెట్టుకోవచ్చు. వాళ్లు నీ మాట వినకుంట దాన్ని తేల్చెయ్యొద్దు. హక్కుల పరిశీలన పూర్తయ్యేదాక ఆ భూమి నుంచి ఎవరినీ ఎల్లగొట్టొద్దు. ఇది సెక్షన్ 4లనే ఉన్నది. మా నాయిన చేతికి తిరస్కరణ కాయితమే రాలేదు గద, మరి ఆ 60 రోజులు ఎప్పుడు మొదలైనట్టు? ఆ ఒక్క ప్రశ్న మీదనే మా కొట్లాట ఇయ్యాల్టికీ నడుస్తున్నది. గెలిచినమని చెప్పను, ఇంకా గెలువలే. కానీ మా నాయిన ఇప్పుడు ఆఫీసుకు పోతే "కాయితం మీద రాసియ్యుండ్రి సారూ" అంటడు. సంతకం రాని మనిషి.

స్వయం వికాసం అంటే ఏందో నాకు అప్పుడు సమజైంది.

మన జిల్లాల చరిత్రల ఈ ముచ్చట కొత్తది గాదు. 1906ల హైదరాబాదుల విజ్ఞాన చంద్రికా గ్రంథ మండలి అని పెట్టిండ్రు. కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, వాళ్ల తోటి రావిచెట్టు రంగారావు. ఈ రంగారావు మన నల్లగొండ జిల్లా మనిషి. తెలుగుల కావ్యాలు, పురాణాలు బోలెడున్నయి, లోకజ్ఞానం చెప్పే పుస్తకాలు లేవని వాళ్లు ఆ పనికి దిగిండ్రు. మొదటి పుస్తకం ఏందో తెలుసా? అబ్రహాం లింకన్ చరిత్ర. గాడిచర్ల రాసిండు, 1907ల వచ్చింది. కట్టెలు కొట్టిన పిలగాడు దేశాధ్యక్షుడైన కథ అని చదివితే అది విజేతల పుస్తకమే. బానిసత్వం మీద యుద్ధం నడిపిన కథ అని చదివితే అది రాజకీయం. అప్పటోళ్లు రెండింటినీ ఏరు చెయ్యలే. మనిషి బాగుపడుడు, నలుగురి బతుకు బాగుపడుడు ఒకే అట్ట నడుమ ఉండె.

నిజాం రాజ్యంల సభ పెట్టాలంటే ముందు సర్కారు అనుమతి కావాలె. గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు ఉండె. మీటింగ్ పెట్టనియ్యని కాడ లైబ్రరీ పెట్టిండ్రు. పేపర్ చదివే నెపంతోని పదిమంది కూసునేది. చదువు రానోళ్లకు ఒకరు చదివి వినిపించేది. ఊర్లల్ల ఆంధ్ర మహాసభ నిలబడ్డది అట్లాంటి జాగలల్లనే.

సురవరం ప్రతాపరెడ్డి మీకు తెలుసు. మన పాలమూరు మనిషి. 1926ల గోలకొండ పత్రిక పెట్టిండు. తెలంగాణల కవులే లేరని ఒకాయన రాస్తే, ఈయన తగువు పెట్టుకుంట కూసోలే. ఊరూరి నుంచి పేర్లు, పద్యాలు తెప్పించి 1934ల గోలకొండ కవుల సంచిక అచ్చేసిండు. 354 మంది కవులు. లేరన్నోనికి లెక్క చూపెట్టిండు. తర్వాత ఆయన రాసిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాజుల ముచ్చట పక్కకు పెట్టి జనం ఏం తిన్నరు, ఏం కట్టుకున్నరు, ఏం ఆటలాడిండ్రు అని ఎతికింది. తెలుగుల మొదటి సాహిత్య అకాడమీ బహుమతి, 1955ల, దానికే వచ్చింది. అప్పటికి ఆయన లేడు.

అయితే ఒక మాట దాచొద్దు. ఆ లైబ్రరీలల్ల కూసున్నోళ్లు ఎక్కువమంది వకీళ్లు, పటేండ్లు, పట్వారీల పిల్లలు. ఆ రీడింగ్ రూముల చెంచు పిలగాడు కూసున్నట్టు నేనెక్కడ చదువలే. పుస్తకం మన గురించి రాసినప్పుడు కూడ వేరేటోళ్లే రాసిండ్రు. హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మనిషి 1940ల అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల నడుమ ఉండి, 1943ల చెంచుల మీద పుస్తకం అచ్చేసిండు. లంబాడాల మీద 1871 నాటి నేరస్త జాతుల చట్టం కాలం సంది పోలీసులు రాసిన రాతలే ఎక్కువ. మా గురించి మా మనిషే చరిత్రకారుడై రాసింది భంగ్యా భుక్యా పుస్తకం, 2010ల వచ్చింది. అంటే ఎన్ని తరాలు పట్టిందో చూడుండ్రి.

ఎవరిని యాది పెట్టుకుంటరు అనేది గూడ పుస్తకాలల్లనే తేలుతది. 1952ల నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డయని అందరు చెప్తరు. ఆయన తన పోరాట జ్ఞాపకాలు రాసుకున్నడు, మంచి పుస్తకం, చదువుండ్రి. అదే నల్లగొండ నుంచి అదే ఎన్నికల, రిజర్వుడు సీటుల సుంకం అచ్చాలు గూడ గెలిచిండు. ఈ పేరు మీలో ఎంతమంది విన్నరు? చేతులు లేపుండ్రి. చూసిండ్రా. జనగామ తాలూకా అప్పుడు నల్లగొండ జిల్లానే, ధర్మాపురం జాటోతు థానూ నాయక్ సాయుధ పోరాటంల పానం ఇచ్చిండు. ఆయన జ్ఞాపకాలు ఎవరు రాయాలె?

ఇప్పుడు అసలు పనికొస్త. అటవీ హక్కుల నిబంధనలల్ల 13వది చదువుండ్రి. హక్కుకు సాక్ష్యం ఏందేంది అని అండ్ల ఉన్నది. సర్కారు కాయితాలు, గెజిటీర్లు, మ్యాపులు ఉన్నయి. వాటితోపాటు ఇండ్లు, గట్లు, బావులు, బొందలు, దేవుని జాగలు ఉన్నయి. ఆచారాల మీద పేరున్న సంస్థలు చేసిన అధ్యయనాలు ఉన్నయి. ముసలోళ్లు చెప్పిన మాటను కాయితం మీద పెడితే, అదీ సాక్ష్యమే. వీటిల ఒకటి గాదు, ఒకటి కంటే ఎక్కువ చూపెట్టాలె. అంటే హైమన్‌డార్ఫ్ పుస్తకం ఒక్కటే సరిపోదు. మీ తాత మాట రాసి దాని పక్కన పెట్టాలె.

చెంచులకు ఇంకోటి ఉన్నది. సెక్షన్ 3ల ఆదిమ గిరిజన సమూహాలకు ఆవాస హక్కు. ఒక్క ఇల్లు, ఒక్క చెల్క కాదు, తిరిగిన అడవి, తేనె తీసిన గుట్ట, మొక్కిన జాగ అన్నీ కలిపి. మధ్యప్రదేశ్ డిండోరి జిల్లాల బైగాలు ఈ హక్కు సాధించుకున్నరు. నల్లమలల ఏ పెంట ఏడ ఉండె, ఏది ఎప్పుడు లేచిపోయింది, ఎందుకు లేచిపోయింది అనే లెక్క చెంచు మనిషి చేతి రాతల ఉంటే, రేపు పులుల పేరు చెప్పి వచ్చినా యురేనియం పేరు చెప్పి వచ్చినా ముందట పెట్టడానికి ఒకటి ఉంటది. 2019ల యురేనియం వద్దని అసెంబ్లీ తీర్మానం చేసింది, నిజమే. 2003ల మా దేవరకొండ దిక్కు లంబాపూర్-పెద్దగట్టు మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టిండ్రు, అప్పటి సంది ఆ ముచ్చట ఎన్నిసార్లు పండి, ఎన్నిసార్లు లేచిందో మాకెరుక. ప్రజాభిప్రాయ సేకరణ పెట్టే ప్రాజెక్టులకు పర్యావరణ నివేదిక లావుది ఇంగ్లీషుల ఉంటది. దాని సారాంశం మాత్రం తెలుగుల ఇయ్యాలెనని 2006 నోటిఫికేషన్ చెప్తది. ఆ పల్చటిది అడిగి తీసుకొని, అచ్చక్షరం విడువకుంట చదివే పోరడు ఊరికొక్కడన్న కావాలె.

ఇంకో అనుమానం మస్తుమందికి ఉన్నది. నల్లగొండ ఏజెన్సీ గాదు, మనకు హక్కు రాదని. 1/70 చట్టం షెడ్యూల్డు ప్రాంతానికే, అమ్రాబాద్ దిక్కు ఉంటది, మా తాండలకు ఉండది. కానీ అటవీ హక్కుల చట్టానికి ఆ గీత లేదు. అడవి భూమి అయి, గిరిజనులు 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి దున్నుతుంటే అడగొచ్చు. ఈ రెండింటినీ కలగలిపి మనోళ్లను మనోళ్లే వాపస్ పంపిన సంగతి నేను కళ్లతోని చూసిన.

పుస్తకాల పేర్లు అడిగిండ్రు గద. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన 'వైద్యుడు లేని చోట' ప్రతి పెంటల ఒకటి ఉండాలె, అంతకు మించిన స్వయం సహాయ పుస్తకం నేను చూడలే. 'ఏడుతరాలు' చదువుండ్రి, పేరు పోగొట్టుకున్నోడు పేరు ఎట్ల ఎతుక్కున్నడో తెలుస్తది. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసింది లావుది, ఒక్కరే మొయ్యకుండ్రి, నలుగురు పంచుకొని చదువుండ్రి. రాజ్యాంగం తెలుగుల దొరుకుతది, అయిదో షెడ్యూలు కాన్నుంచి మొదలుపెట్టినా నష్టం లేదు. కోచింగ్ పుస్తకాలు చదువుడు ఆపమని నేను చెప్తలేను. ఉద్యోగం కావాలె. నాకూ కావాలె.

వచ్చే నెల కూడినప్పుడు ఒక్కొక్కరు వంద పేజీల నోట్ బుక్ తెచ్చుకోండి. మొదటి పేజీల మీ ఇంట్ల అందరికంటే ముసలి మనిషి పేరు, ఆమె పుట్టిన పెంటనో తాండనో, అది ఇప్పుడు ఉన్నదా లేదా, పక్కన ఏ వాగు, ఏ గుట్ట, బొందలు ఏడ ఉన్నయి, ఇవి రాసుకొని రండి. ఆమె ఎట్ల చెప్తే అట్లనే రాయండి, భాష దిద్దకండి. చివర్ల తేదీ వెయ్యండి, ఆమె వేలిముద్ర పెట్టించండి, పక్కన ఇంకో ఇద్దరు పెద్దమనుషుల సంతకాలు తీసుకోండి. మన్ననూరు దిక్కు వాళ్లు ముందు చదువుతరు, తర్వాత దేవరకొండ వాళ్లు.