ఎకరా వరికి ఎన్ని ఎకరాల వాన?

సైన్సు విధానం అంటే ఢిల్లీలో ఎవరో రాసుకునే ఫైలనుకుంటాం. మన చౌడేపల్లెలో దాన్ని చూడాలంటే బోరు దగ్గరికి పోవాలి.

మన కాళ్ల కింద ఉన్నది గ్రానైటు, నైసు రాయి. పైనున్న మెత్తరాతిలో, దాని కింది పగుళ్లలో తప్ప నీళ్లు నిలవవు. అందుకే మీ చేలో బోరుకు రెండించుల నీళ్లు పడితే పక్క చేలో దుమ్ము లేస్తుంది. కొబ్బరికాయతో పాయింటు చూసేవాళ్లను నేను వెక్కిరించను. ఈ రాతి ముందు నీళ్లు వెతికే మా మిషన్లూ తల దించుకున్న రోజులున్నాయి.

2002లో వాల్టా చట్టం వచ్చింది. బోరుకు అనుమతి కావాలి, బావికీ బావికీ మధ్య ఎడం ఉండాలి అంది. మంచి చట్టమే. బోరు వేసే తిరుచెంగోడు రిగ్గు లారీ చేలో దిగాక ఆ ఎడం కొలిచేదెవరు? 2004లో ఉచిత కరెంటు వచ్చింది. తీసేయమని నేననను. అయితే మోటారు ఎంతసేపు తిరిగిందో చెప్పే బిల్లు దాంతో రాలేదు.

ఆ రోజుల్లోనే చిత్తూరుతో కలిపి ఏడు జిల్లాల్లో ఇంకో పని జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అండగా నిలిచిన ఆ పథకంలో రైతులే వాన కొలిచారు, పదిహేను రోజులకోసారి బావుల్లో నీటిమట్టం చూశారు, రబీకి ముందు కూర్చుని నీళ్ల లెక్క వేశారు. ఏ పంట పెట్టాలో ఎవరూ ఆర్డరు వెయ్యలేదు.

ఆ లెక్క మనమూ వేద్దాం. ఎకరా మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లు. ఏడాదికి 700 మిల్లీమీటర్లు పడిందనుకోండి. ఈ రాతిలోకి దిగేది మహా అయితే పదో వంతు, అంటే 70. వరికి సుమారు 1,200 కావాలి. బోరు నీళ్లతోనే పండిస్తే, ఒక ఎకరా వరి పదిహేడు ఎకరాల వాన తాగుతుంది! మడిలోంచి కొంత మళ్లీ ఇంకుతుంది, నిజమే. అదే చెనక్కాయకు 500 చాలు. ఏడెకరాల వానతో సరిపోతుంది.

ఈ లెక్క ఆఫీసులో ఉంటే రిపోర్టు. రచ్చబండ గోడ మీద ఉంటే పక్క చేను ఆయన మిమ్మల్ని నిలదీస్తాడు, మీరాయన్ను నిలదీస్తారు. విధానం అక్కడిదాకా రావాలని నా పట్టు.

టేపు తెచ్చాను. దగ్గర్లో ఎవరి బోరుందో చెప్పండి, పోయి నీటిమట్టం కొలుద్దాం. మోటారు మాత్రం ఇప్పుడే ఆపించండి, నీళ్లు తేరుకోవాలి.