ఒక్క జంట తీగపై పొలమంతటి కబురు
(రైతులకు చేసిన ప్రసంగ పాఠము)



డ్రిప్పు వేసిన తోటలలో నేల తేమను కొలుచు పరికరములను పాతుట నేడు వాడుకలోనికి వచ్చినది. పొలమంతటికి ఒక్కటి చాలదు. ఎర్రనేలకు ఒకటి, నల్లరేగడికి ఒకటి, పల్లమునకు ఒకటి కావలెను. అయినను ఒక్కొక్క దానికి వేరుగా మోటారు షెడ్డు దాకా తీగ లాగనక్కరలేదు. అన్నింటికి కలిపి ఒక్క జంట తీగ చాలును. అయితే దానిని సరిగా కలుపవలెను. లేనిచో తప్పు లెక్కను నమ్మి, ఎండిన చెక్కకు నీరాపి, తడిసిన చెక్కకే మరల నీరు పెట్టుట జరుగును.

ఆర్.ఎస్.-232 అను పాత పద్ధతి 1960లో వచ్చినది. అందులో ఒక యంత్రమునకు ఒక్క యంత్రమే. దూరము సుమారు 15 మీటర్లు. 1983లో వచ్చిన ఆర్.ఎస్.-485 పద్ధతిలో ఒకే తీగపై 32 పరికరముల వరకు, తక్కువ వేగమున సుమారు 1200 మీటర్ల వరకు కలుపవచ్చును. ఇందు కబురు రెండు తీగల మధ్య తేడాగా పోవును. తీగలు మెలివేసి యుండుటచే మోటారు రొద రెండింటికి సమముగా తగులును, తేడా చెడదు.

అందరు ఒకేసారి మాట్లాడిన ఏమియు వినపడదు గదా! బడిలో పంతులు హాజరు పిలిచినట్లు షెడ్డులోని కంట్రోలరు నెంబరు పెట్టి పిలుచును. ఆ నెంబరు గలదే బదులు చెప్పును. 1979 నుండి వాడుకలోనున్న మోడ్‌బస్ పద్ధతి ఇదియే.

కావున ఈ క్రింది సంగతులు గమనింపుడు.

1. కొన్ననాడు చాలా పరికరములు ఒకే నెంబరుతో వచ్చును. పాతకముందే ఒక్కొక్క దానిని విడిగా కలిపి, 1 నుండి 247 లోపల వేరు వేరు నెంబర్లు ఇవ్వవలెను.

2. వేగము అన్నింటికి ఒక్కటే యుండవలెను, 9600 సాధారణము. ప్యారిటీ కూడ అంతే.

3. తీగను దండలో పూసల వలె ఒక దాని నుండి మరొక దానికి తీసికొనిపోవలెను. చెట్టు కొమ్మల వలె చీల్చరాదు. 120 ఓముల నిరోధకమును రెండు చివరల మాత్రమే పెట్టవలెను.

4. ఎ తీగను ఎ కు, బి తీగను బి కి కలుపుడు. కొందరు తయారీదారులు ఈ గుర్తులను తారుమారుగా వేయుదురు. బదులు రానిచో రెండింటిని మార్చి చూడుడు. ఉమ్మడి గ్రౌండు కొరకు మూడవ తీగ వేయుట మేలు.

5. మోటారు కేబులున్న గొట్టములో ఈ తీగ వేయరాదు. పిడుగుల నుండి కాపాడుటకు సర్జ్ రక్షకమును అమర్చుడు.

అన్నియు ముగిసిన పిదప ఒక పరికరము వద్ద బిందెడు నీరు పోయుడు. షెడ్డులో ఆ నెంబరు లెక్కయే పెరగవలెను. మరొకటి పెరిగినచో నెంబర్లు తారుమారైనవని తెలిసికొనుడు. ఇట్లు అన్నింటిని పరీక్షించి, ఏ నెంబరు ఏ చెక్కలో నున్నదో కాగితముపై వ్రాసి షెడ్డు గోడకు అంటింపుడు. ఆ తరువాతనే వాల్వులను కంట్రోలరుకు అప్పగింపుడు.