పింఛను వస్తున్నదని పని మానుకోవలెనా?



ముంగారు మొదటి పదను అయిన రోజుల్లో ఒకసారి వేరుశనగ విత్తనశుద్ధి చూపించడానికి నేనొక పల్లెకు వెళ్లాను. అరుగు మీద ఆరేడుగురు ఆడవాళ్లు విత్తనానికి కాయలు ఒలుస్తున్నారు. వారి నడుమ ఒక మగమనిషి కూడా కూర్చున్నాడు. చిన్నతనంలో పోలియో వచ్చి కుడికాలు సన్నబడి పోయిందట. చేతులకు మాత్రం ఏ లోపమూ లేదు. అందరికంటే ముందు అతని చేటే నిండింది. బాగా ఒలుస్తున్నవారి పేర్లు వ్రాసుకొందామని నేను పుస్తకం తీశాను. అతను చేట పక్కన పెట్టి, "సార్, నేను పన్జేస్తాండానని యాడా రాసుకోవద్దు సార్. పింఛను తీసేస్తారు" అన్నాడు. పక్కనున్న ముసలమ్మ అందుకొని, "నిన్న ఒకాయప్ప అననే అన్నాడు సార్, కాయలు ఒలిచేదానికి చేతులుంటే పింఛను యాలని" అన్నది.

ఈ భయం ఆ ఒక్కనిదే కాదు. మన కరువు సీమలో ఎన్నో ఇండ్లలో ఉన్నది. ఎందుకుండదు? వాన రావచ్చును, రాకపోవచ్చును. వచ్చినా ఊడలు దిగే సమయానికి ముఖం చాటేయవచ్చును. ఒకటో తేదీ పింఛను మాత్రం వస్తుంది. ఇంట్లో నమ్మకంగా వచ్చే రూకలు అవే అయినప్పుడు, వాటిని పోగొట్టుకొంటామేమో అని మనిషి చేతనైన పనిని కూడా దాచిపెట్టుకొంటాడు. అందుచేత ఈనాడు ఈ ఒక్క విషయమే తేటగా చెప్పుకొందాం. పింఛను తీసుకొనే వికలాంగుడు పని చేయవచ్చునా, చేయరాదా?

చేయవచ్చును. ఇందులో సందేహం లేదు.

ఎందువల్లనంటే, మన రాష్ట్రంలో ఈ పింఛను శరీరంలోని లోపాన్ని చూచి ఇచ్చేది. డాక్టరు కాలు ఎంత వంగుతున్నది, కండలో ఎంత బలమున్నది, చూపు ఎంత, వినికిడి ఎంత అని కొలిచి, వైకల్యం ఇంత శాతమని సర్టిఫికెట్టు వ్రాస్తాడు. 40 శాతం, అంతకు మించి ఉంటే పింఛనుకు అర్హత. 2024 జూలై నుండి ఈ పింఛను నెలకు 3,000 రూపాయల నుండి 6,000 రూపాయలకు పెరిగినది. మంచానికే పరిమితమైన పక్షవాత రోగుల వంటివారికి 15,000 రూపాయలు. ఆ సర్టిఫికెట్టులో ఎక్కడా "ఇతడు పని చేయుచున్నాడా?" అన్న ప్రశ్న లేదు. కాలు సన్నబడిన మనిషి కాయలు ఒలిచినంత మాత్రాన కాలు బాగుపడదు గదా!

ఇతర దేశాలలో పద్ధతి వేరుగా ఉన్నది. అమెరికాలో 1956లో వికలాంగులకు సామాజిక భద్రతా భృతి ఏర్పాటయినది. అక్కడ చూచేది శరీరంలో లోపం ఎంత అని మాత్రమే కాదు, ఆ లోపం వల్ల బ్రతుకుతెరువుకు తగిన పని చేయలేకపోతున్నాడా అని. కాబట్టి అక్కడ సంపాదన ఒక హద్దు దాటితే భృతి ఆగిపోతుంది. పనికి పోయి చూద్దామనుకొనే వారికి భృతి పోకుండా తొమ్మిది నెలల పరీక్షాకాలం ఇస్తారు. అక్కడి మనిషి పనికి భయపడితే దానికి అర్థమున్నది. మన దగ్గర ఆ నిబంధన లేదు. లేని నిబంధనకు మనం భయపడుతున్నాము.

అయితే ఉన్న నిబంధనలేవి? అవి కూడా తెలిసి ఉండవలెను. 2019 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన హద్దులు ఇవి. అన్నీ కుటుంబాన్ని చూచి పెట్టినవే.

మొదటిది, పల్లెలో కుటుంబ ఆదాయం నెలకు 10,000 రూపాయల లోపు ఉండవలెను. పట్టణంలో 12,000. రెండవది, భూమి. తరి అయితే 3 ఎకరాల లోపు, మెట్ట అయితే 10 ఎకరాల లోపు, రెండూ కలిసినా 10 ఎకరాల లోపు. కాబట్టి ఆరేడెకరాల ఎర్రనేల ఉన్నదని దిగులు పడనక్కరలేదు. మూడవది, సొంత కారు ఉండరాదు. ట్రాక్టరుకు, ఆటోకు, టాక్సీకి మినహాయింపు ఉన్నది. నాలుగవది, ఇంట్లో సర్కారు ఉద్యోగి గాని, సర్కారు ఉద్యోగం చేసి పింఛను తీసుకొనేవారు గాని ఉండరాదు. పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు. ఐదవది, ఆదాయపు పన్ను కట్టేవారు ఉండరాదు. ఆరవది, ఇంటి కరెంటు వాడకం నెలకు 300 యూనిట్ల లోపు ఉండవలెను. మీ ఇంటి సంగతిలో అనుమానముంటే సచివాలయంలో ఒకసారి సరిచూచుకోండి.

ఈ ఆరింటిలో చిక్కుగా ఉన్నది మొదటిదే. దాచవలసిన పని లేదు, లెక్క వేసి చూద్దాం. దినకూలి 300 రూపాయల చొప్పున భార్యాభర్తలిద్దరూ నెలకు ఇరవై రోజులు పనికి పోతే ఇంటికి 12,000 వస్తుంది. అంటే ఆ నెల హద్దు దాటినట్లే. హద్దు 2019 నాటిది. కూలి పెరిగినది గాని హద్దు కదలలేదు. ఇది పైవారు ఆలోచించవలసిన విషయమే. కాని ఏటికి 550 మిల్లీమీటర్ల వాన కురిసే మన మెట్టలో, ఏడాది పొడుగునా నెలకు ఇరవై రోజుల పని దొరికే ఇండ్లు ఎన్ని ఉన్నవి? విత్తనం, కలుపు, కాయ పీకుడు, అంతటితో సరి. కాబట్టి ఏ నెలలో ఎన్ని రోజులు పని దొరికినదో ఒక పుస్తకంలో వ్రాసి పెట్టుకోండి. ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్లు చూపించవచ్చును. పనిని దాచడం కంటె, పని లెక్కను చేతిలో ఉంచుకోవడం మేలు.

ఇంకొక భయం 2025లో మొదలైనది. ఆ ఏడు వైద్య బృందాలు వికలాంగ పింఛనుదారులను తిరిగి పరీక్షించినవి. 40 శాతం కంటె తక్కువ తేలినవారికి నోటీసులు వచ్చినవి. అప్పీలు చేసుకొనేందుకు అవకాశం కూడా ఇచ్చారు. అప్పుడు పల్లెల్లో, "పనికి పోయినందుకే నోటీసు వచ్చింది" అన్న మాట పుట్టినది. అది తప్పు. అక్కడ కొలిచినది శరీరాన్నే. దొంగ సర్టిఫికెట్టు నేరం. కష్టపడి పని చేయడం నేరం కాదు. ఈ రెండింటినీ ఒక్క గాటన కట్టరాదు. నోటీసు వచ్చినవారు ఊరక కూర్చోక, పాత సర్టిఫికెట్టు, ఆసుపత్రి కాగితాలు చేతపట్టుకొని గడువులోగా అప్పీలు చేసుకోవలెను.

ఇక పని సంగతి. ఉపాధి హామీ పథకం దేశంలో మొట్టమొదట 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రారంభమైనదని మీకు తెలుసు. మన రాష్ట్రంలో వికలాంగులకు వేరుగా శ్రమశక్తి సంఘాలు ఏర్పరచి, వారికి పని కొలత తగ్గించి ఇచ్చారు. మట్టి తవ్వలేనివారు పని చోట నీళ్లందించవచ్చును, తల్లులు పనిలో ఉండగా పిల్లలను చూచుకోవచ్చును. కూలి మాత్రం అందరికీ సమానమే. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో 125 రోజుల పని హామీతో కొత్త చట్టం చేసినది. మీ ఊళ్లో పని ఏ పేరున జరిగినా, పింఛను వస్తున్నదని వెనుకాడక, పేరు నమోదు చేయించుకొని తగిన పని అడగండి.

పని లేక బెంగుళూరుకు పోయేవారికి ఒక మాట. రెండు నెలలు ఊళ్లో లేక పింఛను అందుకోకపోతే, మూడవ నెలలో వచ్చి మొత్తం కలిపి తీసుకొనే వీలు 2024 డిసెంబరు నుండి కలిగినది. మూడవ నెల కూడా తప్పిపోనివ్వకండి. ఎక్కడికి పోతున్నదీ, ఎప్పుడు వచ్చేదీ సచివాలయంలో చెప్పి పోండి.

ఉన్న ఊళ్లో కూడా పని లేకపోలేదు. విత్తనపు కాయలే చూడండి. మిషనులో వేస్తే గింజ చితుకుతుంది, పైపొర లేస్తుంది, మొలక తగ్గుతుంది. చేతితో ఒలిచిన గింజ బాగా మొలుస్తుంది. కూర్చుని చేసే పని. చూపు లేనివారు కూడా చేతి స్పర్శతో చేయగలరు. నలుగురైదుగురు ఒక జట్టుగా చేరి ఊరి విత్తనమంతా ఒలిచి, పుచ్చు గింజలు ఏరి, కిలోకు 3 గ్రాముల మాంకోజెబ్ పట్టించి ఇచ్చినారనుకోండి. రైతుకు శ్రమ తగ్గుతుంది, వారికి కూలి దక్కుతుంది. మందు కలిపేటప్పుడు చేతికి తొడుగు వేసుకోవడం మరువరాదు. ఇక మల్బరీ ఉన్న ఊళ్లలో పురుగులకు ఆకు వేయడం, నర్సరీలో సంచులకు మట్టి నింపడం, పెరటి కోళ్లు, నాలుగు గొర్రెలు, ఇవన్నీ ఉన్నవి. వినికిడి లేనివానికి సేద్యంలో రాని పని ఏమున్నది? సైగతో చెప్పే ఓపిక మనకు ఉండవలెను గాని!

ఉద్యోగ మిత్రులకు ఒక మనవి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో వ్యవసాయ భూమి పంపిణీలోను, పేదరిక నిర్మూలన పథకాలలోను 5 శాతం వికలాంగులకు కేటాయించవలెనని ఉన్నది. అందులో ఆడవారికి ముందు చోటు. మీ మండలంలో లబ్ధిదారుల జాబితా వ్రాసేనాడు ఈ అయిదు శాతం గుర్తుంచుకోండి. శిక్షణ పెట్టేచోట మెట్లు లేకుండా చూడండి.

గ్రామస్థులకు కూడా ఒక మాట. లోకులు కాకులంటారు. "పని చేస్తున్నాడు, వీనికి పింఛనెందుకు?" అన్న ఒక్క మాటతో, సర్కారు పెట్టని ఆంక్షను మనం పెడుతున్నాము. ఆ పింఛను సోమరితనానికి ఇచ్చే జీతం కాదు. రెండు కాళ్లున్నవాడు నడిచిపోయే చోటికి అతను ఆటో కట్టించుకొని పోవలెను. ఒక రోజులో అయ్యే పని అతనికి ఒకటిన్నర రోజు పడుతుంది. ఆ లోటుకు ఇచ్చే సాయమది. అతను సంపాదించే నాలుగు రూకలు ఆ సాయంపైన అతని కష్టార్జితం.

ఆనాడు ఆ అరుగు మీద కూర్చుని నేను ఈ మాటలే అతనికి చెప్పాను. భూమి ఎంత అని అడిగాను. నాలుగెకరాల మెట్ట అన్నాడు. కారూ లేదు, సర్కారు ఉద్యోగీ లేడు. కాసేపు ఊరకున్నాడు. తరువాత చేట ముందుకు లాక్కొని, "అట్లయితే రాసుకోండి సార్" అని పేరు చెప్పాడు. తండ్రి పేరు కూడా చెప్పాడు.

మీ ఊళ్లో పేరు చెప్పడానికి జంకుతున్నవారు ఎవరైనా ఉంటే, ఈ మాట వారి చెవిన వేయండి.