తాతగారి యెజ్డీ



మన పిల్లలకు తెలుగు నిలిచే ఉపాయమేమి అనే విషయంపై నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరినారు. ఉపాయాలు చెప్పగల పాండిత్యం మాకు లేదు. రైల్వే ఆఫీసులో గుమాస్తాగిరీ మా వృత్తి. కనుక ఉపాయం మాట అటుంచి, గత సంవత్సరం మేమూ మా అమ్మాయీ కలిసి చేసిన ఒక మరమ్మతు సంగతి విన్నవించుకుంటాము.

మా నాయనగారు 1984లో ఒక యెజ్డీ మోటారు సైకిలు కొన్నారు. ఆయన పోయిన తరువాత పన్నెండేండ్లు అది పంచలో టార్పాలిను క్రింద పడియున్నది. మాకు సైకిలు తొక్కుట తప్ప మరి యే బండీ రాదు. పాత సామాన్లవాడు నెలకొకసారి వచ్చి బేరమాడేవాడు; మా అమ్మ వానిని గుమ్మం దగ్గరనే పంపివేసేది.

మైసూరులో ఉన్నవారికి యెజ్డీ పరాయి బండి కాదు. యానెచెక్ అనే ఆయన పేరులోని మొదటి అక్షరాలూ, వాండరర్ అనే పేరులోని మొదటి అక్షరాలూ కలిపి చెకోస్లోవేకియాలో 1929లో జావా అనే పేరు పెట్టినారు. ఆ బండ్లను ఇక్కడనే తయారు చేయుటకు మన యాదవగిరిలో ఐడియల్ జావా కర్మాగారం 1961లో పని ప్రారంభించినది. 1973 నుండి యెజ్డీ పేరు వచ్చినది. 1996లో కర్మాగారం మూతపడినది. 2022లో వేరొక సంస్థ అదే పేరుతో క్రొత్త బండ్లు తెచ్చినది గాని, అవి నాలుగు స్ట్రోకులవి. ఆ చప్పుడు వేరు.

మా అమ్మాయి ఎనిమిదవ తరగతి. తెలుగు చెప్పితే అర్థమవుతుంది, జవాబు మాత్రం కన్నడంలో వస్తుంది. మీ యిండ్లలోనూ ఇంతేనని మాకు తెలుసు. టార్పాలిను తీసిన రోజున అది బండి చుట్టూ తిరిగి, "అవ్వా, పూర్తి తుక్కు!" అన్నది. మా అమ్మకు ఎక్కడలేని కోపం వచ్చినది. "మీ తాత బండిని తుక్కంటావా? తుక్కయితే ఎప్పుడో తూకానికి వేసియుండమా?" అని లోపలికి పోయినది. పిల్ల తెల్లబోయినది. కన్నడంలో తుక్కు అంటే మన తుప్పు. మన తుక్కు వేరు. ఈ రెండు మాటల భేదం తేల్చి, అవ్వను సమాధానపరచి, కాఫీ త్రాగేసరికి పదకొండయినది. ఆ ఆదివారం మరి పని సాగలేదు.

తరువాతి ఆదివారం ట్యాంకులో కిరసనాయిలు, గులకరాళ్లు పోసి ఇద్దరం చెరొక ప్రక్క పట్టుకొని ఊపినాము. ఎర్రని నీరు దిగినది. సైలెన్సరు రెండు గొట్టాలలోను మసి గట్టిపడియున్నది. దానిని కాస్టిక్ సోడాతో కడుగునప్పుడు మాత్రం పిల్లను దగ్గరకు రానీయలేదు. పనిలో మాట పొరపాటయితే చేతికి వేరే సామాను వస్తుంది. సడలించమంటే బిగిస్తే మర అరిగిపోతుంది. అందుచేత గొలుసు, ఇరుసు, మరమేకు, బిగించుట, సడలించుట, ఇవన్నీ ఎవరూ వల్లె వేయించకుండానే దాని నోటికి వచ్చినవి. పాఠ్యపుస్తకం తెప్పించి రెండేండ్లు ప్రయత్నించినా ఇన్ని మాటలు రాలేదు.

ఈ బండిలో పెట్రోలుతోబాటు నూనె కలుపవలెను. ఇంజను అడుగు భాగంలో తిరిగే సామానుకు వేరే నూనె అందదు. పెట్రోలుతో వచ్చే నూనెయే ఆధారం. ఎంత కలుపవలెనని ముగ్గురు మెకానిక్కుల నడిగితే మూడు లెక్కలు చెప్పినారు. తక్కువయితే పిస్టను పట్టేస్తుంది, ఎక్కువయితే పొగ, మసి.

ప్రక్కనున్న పనిముట్ల పెట్టెలో ఒక చిన్న పుస్తకం దొరికినది. మా నాయనగారి చేతివ్రాత, తెలుగు. మేము చదివి చెప్పేలోపలే పిల్ల దానిని లాగుకొన్నది. తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపి నుండి విడివడినవే గదా. కన్నడ తలకట్టు అడ్డంగా ఉంటుంది, మనది టిక్కు గుర్తు వలె ఉంటుంది. 'క' దగ్గర, 'శ' దగ్గర తడబడుతూ కూడబలుక్కొని చదివినది: "పెట్రోలు 5, నూనె 200." లీటరుకు నలభై మిల్లీలీటర్లు. లెక్క తేలినది.

కొన్ని పుటల తరువాత, "పాపను చూడ ఆసుపత్రికి. పెట్రోలు 2, నూనె 80" అని ఉన్నది.

"ఈ పాప ఎవరు అవ్వా?" అని అడిగినది, తెలుగులోనే.

"నువ్వేనే," అన్నది మా అమ్మ.

ఆ పూట స్పానరు ఎవరమూ ముట్టలేదు.

ఇక తోలుట. లర్నరు లైసెన్సు తీసికొని ముప్పది రోజులు ఆగితేగాని పరీక్షకు పోరాదు. కర్మాగారంలో పనిచేసి విరమించిన మా నాయనగారి స్నేహితులొకరు ఉదయాన మైదానంలో నేర్పినారు. యెజ్డీకి గేరు కడ్డీయే కిక్కు కడ్డీ. లోనికి నొక్కి పైకి త్రిప్పవలెను. రెండు స్ట్రోకుల ఇంజను కాబట్టి ఆక్సిలేటరు వదలినంత మాత్రాన బండి నిలువదు, ముందుగానే బ్రేకు అందుకోవలెను. ఆయన కన్నడంలో చెప్పుచుండగా మైదానపు అంచున మా అమ్మాయి "నాన్నా, క్లచ్చి సడలించు, సడలించు!" అని కేకలు. ముప్పదియెనిమిదేండ్ల శిష్యునికి ఇద్దరు గురువులు. పద్దెనిమిదేండ్లు నిండనిదే గేరు బండి తోలరాదు గనుక, దానికింకా అయిదేండ్లు గడువున్నది. అందాకా హెల్మెట్టు పెట్టుకొని వెనుక కూర్చుంటుంది, నూనె కొలిచి పోస్తుంది, పుస్తకంలో లెక్క వ్రాస్తుంది. అక్షరాలు తెలుగువి, తలకట్లు కొన్ని కన్నడవి.

రిజిస్ట్రేషను నాయనగారి పేరునుండి మార్చి, పొడిగించుకొనుటకు బండి కంటె ఎక్కువ శ్రమ పట్టినది. ఆ కథ మరొకమారు.

స్పీడోమీటరు తీగ మాత్రం ఇంకా దొరకలేదు. ఎవరి యింటనైనా పాత యెజ్డీ సామాను ఉన్నచో సభానంతరం దయచేసి చెప్పండి. ఆ పుస్తకం కూడా తెచ్చినాము. చూడదలచినవారు మా అమ్మాయినడిగితే చదివి చెబుతుంది.